తలలు కాదు, దారి లెక్కపెట్టండి

ప్రణాళిక అనగానే మనవాళ్ళు ముందు తలలు లెక్కిస్తారు. మైదానంలో 5 వేల మందికొక ఆరోగ్య ఉపకేంద్రం, 30 వేల మందికొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఇదీ ప్రమాణం! ఊరిని ఆనుకొని ఊరుండే డెల్టాకు ఈ లెక్క చెల్లుతుంది. మా చింతలపూడి మెట్టలో జనం పలచన, దారి పొడుగు.

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. సంతోషమే. కాని చింతలపూడి నుంచి ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. పెద్ద జబ్బు చేస్తే మందు ఖర్చు కన్నా ముందు కూలివాడి రోజు కూలి పోతుంది.

చదువూ అంతే. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళతో ఆగిపోతుంది. తొమ్మిదో తరగతి దూరమైతే కొడుక్కి సైకిలు కొంటారు. కూతురిని పొలానికి తీసుకుపోతారు.

జనం దేనికోసం ఏ ఊరు వెళుతున్నారో చూసి అక్కడే సౌకర్యాలు పెట్టాలన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. మిర్యాలగూడ తాలూకాపై 1971లో వెలువడిన అధ్యయనం సారం అదే.

కనుక బడి, ఆసుపత్రి, బస్సు ఒక్క కూడలిలో కలవాలి. గంటలో చేరలేని ఊళ్ళను పటంలో గుర్తించాలి. మిత్రులారా, ఈ సెలవుల్లో మన మండలాల పటం మనమే గీద్దాం. పునాదిరాయి వేసేవారికి ముందు అది చూపిద్దాం!