సీటు కింద వేడి

ఈసారి బ్యాటరీ బండి సంగతి. బ్యాంకులో లెక్కలు చూసుకునేవాడికి తీగలతో ఏం పని అని మీరు అడగవచ్చు. చదవండి, ఇదీ ఒక లెక్కే.

గుళ్ళ దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పెద్దవాళ్ళను మోసే బ్యాటరీ కార్లు చాలావరకు గోల్ఫ్ బండ్ల దాయాదులు. పాత బండిలో ఆరు వోల్టుల బ్యాటరీలు ఎనిమిది వరుసగా ఉంటాయి, మొత్తం 48 వోల్టులు. వోల్టేజి తక్కువ కాబట్టి కరెంటు ఎక్కువగా లాగాలి. చదును నేల మీద 50, 60 ఆంపియర్లు పట్టే బండి, ఎత్తు ఎక్కేటప్పుడు 150 దాటుతుంది. కరెంటు రెట్టింపయితే తీగలో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. వేడికి జాయింటు వదులవుతుంది, చిలుము పడుతుంది, దాంతో ఇంకా వేడి. చక్రవడ్డీ అన్నమాట!

రాజపాళయం దగ్గర మా చోళపురంలో ఒక కల్యాణ మండపం వాళ్ళు ఇలాంటి పాత బండి కొన్నారు. గేటు నుంచి ఏటవాలు దారి మీదుగా మోకాళ్ళ నొప్పుల వాళ్ళను పైకి చేర్చడం దాని ఉద్యోగం. మొన్న ముహూర్తాల రోజుల్లో సీటు కింద కాలిన వాసన వచ్చింది. పైన కూర్చున్నది ఎనభై దాటిన పెద్దమ్మ. గబగబా దించేశారు. సీటు ఎత్తి చూస్తే ఒక తీగ చివర తొడుగు మెత్తబడింది, బ్యాటరీ సీసపు కొన ఒక పక్క కరిగింది. సీసపు కొన కరగాలంటే వేడి బాగా ఎక్కువగా ఉండాలి. ఆ వేడి ఆమెకు జానెడు కింద ఉందన్నమాట. చూడవచ్చిన మనిషి ఎనిమిది బ్యాటరీలూ మార్చమన్నాడు. మండపం లెక్కలు రాసేది నేనే. ఖర్చు రాసే ముందు కారణం తెలియాలన్నాను.

మా ఇంటి పక్కన మిల్లు ఎలక్ట్రీషియన్ ఒకతను ఉన్నాడు. ఇంట్లో తెలుగు, పనిలో అరవం. అతను మొదట చెప్పింది ఇది: తీగ పొడవునా ఒకే రకంగా వేడెక్కితే తీగ సన్నం, లేదా బండి ఎక్కువ లాగుతోంది. చక్రాల్లో గాలి తగ్గినా, బ్రేకు పట్టుకున్నా అంతే. ఒక చివరే వేడెక్కితే దోషం ఆ జాయింటుది. కరోనా నాడు నుదుటికి చూపిన థర్మామీటరు దీనికి పనికిరాదు, దాని లెక్క 40 చిల్లరతో ఆగిపోతుంది. అతను మిల్లులో వాడేది తెచ్చాడు.

తర్వాత కొలత. బండి ఆగి ఉంటే చెడ్డ జాయింటు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది. అందుకని ఆరుగురిని ఎక్కించి, ఏటవాలు ఎక్కుతుండగా మీటరు చూశాం. (బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కి పరీక్షించకండి. కదలని మోటారు లోపల కాలిపోతుంది. మామూలు క్లాంప్ మీటరు కూడా వద్దు, డి.సి. కొలిచేదే కావాలి.) బ్యాటరీల కొనల మీద ఒక్కొక్కటీ కొలిచి కూడితే 46.4. కంట్రోలర్ దగ్గరికి చేరింది 45.0. తేడా 1.4 వోల్టులు. ట్రయల్ బ్యాలెన్సులో తేడా వస్తే ఊరుకుంటామా? ఒక్కొక్క పద్దు వెతికాం. తొమ్మిది తీగలు, పద్దెనిమిది చివరలు. పదిహేడు చివరల్లో ఒక్కోచోట వోల్టులో నూరో వంతు కూడా లేదు. ఆ కాలిన చివర ఒక్కదానిలోనే 0.6. 150 ఆంపియర్ల దగ్గర అది 90 వాట్లు, అంటే వెనకటి గుండు బల్బు ఒకటి నట్టు కింద వెలుగుతున్నట్టు. మిగిలిన 0.8లో ఎక్కువ భాగం సన్నటి తీగల్లోనే పోతోంది. లెక్క సరిపోయింది.

ఆ తీగ తొడుగు అంగుళం కోస్తే లోపల రాగి నల్లబడి ఉంది. యాసిడ్ పాకిన తీగ అది. చివర కత్తిరించి కొత్త లగ్గు వేసినా ఎక్కువ కాలం నిలవదు. 16 చదరపు మిల్లీమీటర్ల పాత తీగలన్నీ తీసి 25వి వేయించాం, లగ్గులు ప్రెస్సుతో నొక్కించి. సుత్తితో కొట్టిన లగ్గు బిగిసినట్టే ఉంటుంది గాని పట్టు ఉండదు. పనికి ముందు తాళం ఆపి, చార్జర్ తీసి, మెయిన్ నెగటివ్ మొదట విప్పాలి. ఉంగరాలూ వాచీ తీసేయాలి, స్పానర్ పిడికి టేపు చుట్టాలి. 48 వోల్టులు షాకు కొట్టకపోవచ్చు, కానీ ఉంగరం ఎర్రగా కాలుతుంది. కొనల మీది బూడిదను వంట సోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, బిగించాక వ్యాసలీన్ రాయాలి. బలమంతా పెట్టి బిగిస్తే సీసపు కొన తిరిగిపోతుంది.

అదే దారిలో, అదే ఆరుగురితో మళ్ళీ కొలిస్తే తేడా 0.6కు దిగింది. ఏడు బ్యాటరీలు అలాగే ఉన్నాయి. కొన పోయినదాని చోట అదే వయసుది వెతికి పెట్టించాం. పాతవాటి మధ్య కొత్తది పెడితే వాటితోపాటే అదీ త్వరగా ముసలిదవుతుంది. చక్రాల గాలి చూడడం, వారానికోసారి ఆ పద్దెనిమిది చివరలకూ థర్మామీటరు చూపడం ఇప్పుడు వాచ్‌మన్ పని. చూసి నోట్‌బుక్కులో రాయాలి, సంతకం పెట్టాలి.