సర్కారు బాకీ, రైతుకు వడ్డీ

విత్తనాలు, ఎరువులు కొనే రోజుల్లోనే కాలేజీ ఫీజులూ మీద పడతాయి. చేతిలో ఉన్న నాలుగు రూపాయలు పొలానికి పెట్టాలా, పిల్లల చదువుకు పెట్టాలా? రెండింటికీ చాలక అప్పు చేస్తున్నాం.

బ్యాంకులు విద్యా రుణాలు ఇస్తున్నాయి కదా అనేవారున్నారు. ఆ కాగితాల మీద తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలి. చదువుతున్నంత కాలం కిస్తీ ఉండదు గానీ వడ్డీ లెక్క ఆగదు. తెలంగాణలో 2024లో 2 లక్షల దాకా మాఫీ అన్నది పంట రుణాలకే, విద్యా రుణాలకు కాదు. కొలువు రాకపోతే ఆ భారం తిరిగి పొలం మీదికే వస్తుంది.

అప్పు లేకుండా చదివించడానికే ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పథకం మంచిదే, అమలే కుంటుతోంది. తెలంగాణలో ఇంజనీరింగ్‌లో చేరిన బీసీ, ఈబీసీ పిల్లలకు 10 వేలలోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. మిగిలినవారికి ఇచ్చేది 35 వేలే. లక్ష దాటిన ఫీజులో మిగతాది ఎవరు కట్టాలి?

ఆ 35 వేలైనా సకాలంలో రావడం లేదు. బకాయిలు పేరుకుపోయి 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్‌కు దిగాయి. ప్రభుత్వం బాకీ పడితే కాలేజీ మన పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. వాటిని విడిపించుకోవడానికి నూటికి 2 రూపాయల వడ్డీకి 50 వేలు తెస్తే నెలకు వెయ్యి, నాలుగేళ్లకు వడ్డీయే 48 వేలు. బాకీ సర్కారుది, వడ్డీ మనది!

తక్కువ ఖర్చు దారులూ ఉన్నాయి. పదో తరగతి మార్కులతో బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల చదువుకు దరఖాస్తు చేయవచ్చు. పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరితే, డిప్లొమా తర్వాత ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. వ్యవసాయ డిగ్రీలో రైతు బిడ్డలకు కోటా ఉంది. అయితే దానికి భూమి కాగితం చూపాలి. ఏళ్ల తరబడి ఆ నేలనే దున్నుతున్న కౌలు రైతు బిడ్డ రైతు బిడ్డ కాదా?

అందుకే మన డిమాండ్లు ఇవి. ఫీజు బకాయిలు వెంటనే చెల్లించాలి. ఇకపై ఆ డబ్బు విద్యా సంవత్సరం ముగిసేలోపే విడుదల చేయాలి. 35 వేల పరిమితిని ఎత్తివేయాలి. ఫీజు పేరుతో సర్టిఫికెట్లు ఆపే కాలేజీలపై చర్య తీసుకోవాలి. రైతు కోటాలో కౌలు రైతుల పిల్లలనూ చేర్చాలి.

సర్టిఫికెట్లు ఆగిపోయిన పిల్లల వివరాలను గ్రామాలవారీగా రాసి మండల కమిటీలకు అందించండి. ఆ జాబితాలతోనే కలెక్టరేట్‌కు వెళ్దాం. మద్దతు ధర కోసం రోడ్డెక్కిన మనకు పిల్లల చదువు కోసం రోడ్డెక్కడం కొత్త కాదు.