మరక కనిపిస్తే ముద్దాయి ఆడదేనా?

"మెట్లెక్కావా? బిందె ఎత్తావా? స్కూటర్ మీద వెళ్ళావా?"

సంతాన సాఫల్య కేంద్రంలో చికిత్స పొంది గర్భం నిలిచిన స్త్రీకి చిన్న రక్తపు మరక కనిపించగానే ఇంట్లో మొదలయ్యే విచారణ ఇది. అత్తగారూ, భర్తే కాదు, కన్నతల్లి కూడా ఇవే అడుగుతుంది. రాత్రంతా తనను తాను కూడా ఆమె ఇవే అడుక్కుంటుంది. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "ఇలా కావచ్చని ఆస్పత్రిలో నీకు ముందే చెప్పారా?"

చెప్పవలసింది చాలా ఉంది. తొలి మూడు నెలల్లో నలుగురు గర్భిణుల్లో సుమారు ఒకరికి రక్తం కనిపిస్తుంది. మావి అంచున రక్తం చేరినా, పెట్టిన రెండు పిండాల్లో ఒకటి నిలవకపోయినా, లోపల పెట్టుకునే ప్రొజెస్టెరాన్ మందు వల్ల ఒరిపిడి కలిగినా మరక రావచ్చు. 2019లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధనలో రక్తస్రావమైన నాలుగు వేలమందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. ఐవీఎఫ్ స్త్రీల కోసమే చేసిన పరిశోధన కాదది. అయినా స్కానింగులో గర్భం కనిపించిన ఆ స్త్రీలలో దాదాపు ముప్పాతికమంది బిడ్డల్ని కన్నారు. మిగిలినవారి సంగతి? తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగమో, అంతకు మించో క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. ఇందులో బిందె పాపమేముంది? నెలల తరబడి మంచానికి కట్టేస్తే గర్భస్రావం ఆగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2005లోనే కోక్రేన్ సమీక్ష చెప్పింది.

అలాగని ప్రతి మరకనూ తేలిగ్గా తీసుకోమని కాదు. పిండాన్ని గర్భసంచిలోనే పెట్టినా అది ట్యూబులో పెరిగే ప్రమాదముంది. ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాలి. భయపడి మందులు తనంతట తాను ఆపకూడదు. ఈ నాలుగు మాటలు తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునే స్త్రీ కూడా, "అందరికీ అవుతుందిలే" అని ఊరుకున్న స్త్రీయే.

లక్షలు తీసుకునే కేంద్రాలు ఈ నాలుగు మాటలు తెలుగులో ఒక కాగితం మీద రాసి ఎందుకివ్వవు? రక్తపరీక్షలో గర్భమని తేలిన రోజు అభినందనలు చెప్పి, దాన్నే తమ విజయంగా ప్రకటించుకుంటారు. గర్భం నిలిస్తే ఘనత డాక్టరుది. పోతే తప్పు ఆమె శరీరానిది. పితృస్వామ్యానికీ వ్యాపారానికీ ఇక్కడ చక్కగా పొత్తు కుదిరింది.

2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం చికిత్స వల్ల కలిగే దుష్ప్రభావాలు, ప్రమాదాలు కేంద్రం ముందే వివరించాలి, కౌన్సెలింగ్ ఇవ్వాలి, ఫిర్యాదుల విభాగం నడపాలి. సంతకం పెట్టించుకున్న కాగితాల కట్ట వివరణ అవుతుందా?

మనమూ ఆత్మవిమర్శ చేసుకోవాలి. ఈ సాంకేతికాలను విమర్శిస్తూ వచ్చాం, మంచిదే. కానీ బాత్‌రూములో మరక చూసి వణికిపోతున్న స్త్రీకి ఏం చెప్పాం? మన సంఘాలు ప్రతి కేంద్రాన్నీ మూడు అడగాలి: తెలుగులో రాతపూర్వక సమాచారం, రాత్రి కూడా ఎత్తే ఫోను, గర్భం పోయిన తర్వాత కూడా కొనసాగే కౌన్సెలింగ్. గర్భస్రావమైన ఉద్యోగినికి ఆరు వారాల వేతన సెలవు 1961 చట్టంలోనే రాశారు. ఇంట్లో, పొలంలో పనిచేసే స్త్రీకి ఆ విశ్రాంతి ఎవరిస్తారు?

ఆ మూడూ సాధించేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. మరక కనిపించిందని ఏ స్త్రీ అయినా మన దగ్గరికొస్తే, "ఏం చేశావు?" అని అడగొద్దు. "నీ తప్పు కాదు, పద, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను" అందాం.