లాజరో సంగతి సరే, మన సంగతేంటి?

ముందే చెప్పేస్తున్నా, ఇది సమీక్ష కాదు. సమీక్షల మీద నా ఏడుపు. కథ మొత్తం బయటపెట్టేస్తాను కాబట్టి, సినిమా చూడనివాళ్ళు చూసొచ్చి చదువుకోండి. తర్వాత నన్ను తిట్టి లాభం లేదు :)

సినిమా పేరు 'లాజరో ఫెలీచే'. నెట్‌ఫ్లిక్స్ లో 'హ్యాపీ యాజ్ లాజరో' పేరుతో వచ్చింది. తీసింది అలీచే రోర్వాకర్ అనే ఇటాలియన్ దర్శకురాలు. 2018 కేన్స్ లో ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు, ఇంకో సినిమాతో కలిపి, దీనికి ఇచ్చారు. మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ, కాదనను. నా పేచీ పెదవి విరిచినవాళ్ళతో. వాళ్ళ ఫిర్యాదులు మూడు. లాజరో మరీ మొద్దబ్బాయి, ఒక్కసారి కూడా ఎదురు తిరగడు. మొదటి సగం బావుంది, రెండో సగం తేలిపోయింది. మాయలూ మహిమలూ పెట్టి దోపిడీ కథని పలచన చేశారు.

కథేంటంటే, ఇన్వియోలాతా అనే మారుమూల పల్లె. భూమి దొరసానిది, చాకిరీ ఊరివాళ్ళది, పండేది పొగాకు. ఇలాంటి పాలికి సాగు పద్ధతిని ఇటలీలో 1982 నాటి చట్టంతో సాగనంపారు. ఆ కబురు దొరసాని వీళ్ళ చెవిన పడనివ్వలేదు. మేనేజరు వచ్చి లెక్క చూసిన ప్రతిసారీ వీళ్ళే బాకీ తేలతారు. ఇదేమీ కట్టుకథ కాదు, ఇలాంటి నిజం సంగతి పేపర్లో చదివే కథ అల్లుకున్నానని దర్శకురాలే చెప్పింది.

ఆ ఊళ్ళో అందరికంటే కింద ఉన్నవాడు లాజరో. "లాజరో, ముసలమ్మని ఎత్తుకురా", "లాజరో, పొగాకు మొయ్యి", "లాజరో, రాత్రికి కోళ్ళ దగ్గర కాపలా ఉండు". సినిమా మొదట్లో ఆ పేరు ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టండి. పిలిచేది దొరసాని కాదు, ఊరివాళ్ళు.

దొరసాని ఒకచోట కొడుకుతో అంటుంది, నేను వీళ్ళని వాడుకుంటున్నా, వీళ్ళు ఆ పిల్లాణ్ణి వాడుకుంటున్నారు అని. అబ్బే, వాడు ఎవర్నీ వాడుకోడేమో అంటాడు కొడుకు. నా మటుకు నాకు సినిమా అంతా ఆ సంభాషణ మీదే నిలబడి ఉంది. విమర్శకులేమో దాన్ని దొరసాని దుర్మార్గానికి ఉదాహరణగా చూసి ముందుకెళ్ళిపోయారు. దుర్మార్గురాలే, కానీ ఆ ముక్కలో అబద్ధం లేదు కదా!

అందుకే "లాజరో ఎందుకు ఎదురు తిరగడు?" అన్నది తప్పు ప్రశ్న. ఆ ఊళ్ళో ఎవరు తిరిగారని? ఒక్కరూ లేరు. దొరసాని కొడుకు ఆడిన దొంగ కిడ్నాప్ నాటకం వల్ల పోలీసులొచ్చారు, వాళ్ళ వల్ల గుట్టు బయటపడింది. 'మా భూమి' (1979) చూసిన కళ్ళకి ఇది మింగుడుపడదు, దొర ఉన్న కథలో చివరికి జనం లేవాలి మనకి. అది జరిగిన చరిత్ర, కాబట్టి ఆ సినిమాకి అది న్యాయం. ఇక్కడ జరిగింది వేరు. చట్టం వచ్చింది, బళ్ళలో ఎక్కించి పట్నం తీసుకెళ్ళారు. తర్వాత?

ఆ "తర్వాత" కోసమే రెండో సగం. కొండ మీంచి పడిపోయిన లాజరో ఏళ్ళ తర్వాత లేస్తాడు, వయసు మాత్రం ఒక్కరోజు కూడా పెరగదు. మిగతావాళ్ళు ముసలైపోయి, రైలు పట్టాల పక్కన పాత నీళ్ళ ట్యాంకులో ఉంటూ చిన్నచిన్న మోసాలు చేసుకుని బతుకుతుంటారు. పక్కనే మొలిచిన తినే ఆకుకూరని కూడా గుర్తుపట్టలేరు, లాజరో చూపించాలి. పాత మేనేజరు ఇప్పుడు వలస కూలీలకి పని వేలం వేస్తున్నాడు. ఎవడు తక్కువకి ఒప్పుకుంటే వాడికే పని. అవుట్‌సోర్సింగ్ లో అన్నం తింటున్న మనకి ఆ సీను ఎవరైనా విడమరిచి చెప్పాలా? ఆ సీనున్న సగాన్ని తేలిపోయింది అంటే ఏమనాలి!

ఇక మహిమలు. లాజరో ముసలివాడవ్వకపోవడం అలంకారం కాదు, అదొక కొలబద్ద. వాడు మారలేదు కాబట్టే మిగతాదంతా ఎంత మారిందో, ఏది అసలు మారలేదో కనపడింది. మహిమ వల్ల వాడికి దక్కిందేమీ లేదు, పలచనైందీ ఏమీ లేదు.

ఒక్కటి ఒప్పుకుంటా. చివర్లో బ్యాంకు సీను నాకూ కాస్త అతిగానే అనిపించింది. ఆ కుటుంబం ఆస్తి తిరిగి ఇచ్చేయమని అడగడానికి వెళ్ళిన వాణ్ణి జనం కొట్టడం మరీ వేలు పెట్టి చూపించినట్టుంది. కానీ కొట్టింది ఎవరో చూడండి. బ్యాంకు ఓనర్లు కాదు, లైన్లో నిలబడ్డ మనలాంటివాళ్ళు.

ఇంత ఆవేశం దేనికంటారా? చెప్తా. ఒకప్పటి మా టీమ్ లో ఒక కుర్రాడుండేవాడు. కాదు అనడం రాదు. పండగ రోజు రిలీజా, వాడే. రాత్రి సపోర్టా, వాడే. క్లయింటు పీల్చేస్తున్నాడనీ, మేనేజరు రాక్షసుడనీ క్యాంటీన్లో గంటలు గంటలు తిట్టుకుని, మా టికెట్లు వాడికి తోసి ఇళ్ళకి పోయేవాళ్ళం. క్లోజ్ చేసేటప్పుడు మాత్రం మా పేర్ల మీదే. ఏడాది చివర కొందర్ని తీసేయాల్సి వస్తే లిస్టులో వాడి పేరుంది. కారణం, సొంతంగా చేసిన పని కనపడట్లేదట. నేను ఆ మీటింగ్ లోనే ఉన్నా. నోరు తెరవలేదు. పోయే రోజు వాడు నా సీటు దగ్గరకొచ్చి, "అన్నా, పెండింగ్ వి మూడున్నాయి, నోట్స్ రాసిపెట్టా" అన్నాడు.

వాడెందుకు ఎదురు తిరగలేదని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. వాడి పక్కన కూర్చున్నవాణ్ణి నేను. ముందు నన్ను అడగండి.