రైలు మాటలు వినే రేడియో: అక్కడ కొనండి, ఇక్కడికి తేకండి



పోయిన ఆదివారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు. "అన్నా, అమెరికాలో ఉండే మా అబ్బాయికి రైళ్ల పిచ్చి. డ్రైవర్లు, కంట్రోలు వాళ్లు మాట్లాడుకునేది వినే చేతి రేడియో కొంటానంటున్నాడు. చవకలో ఏది మంచిది? వచ్చేటప్పుడు నాకూ ఒకటి తెమ్మంటే కాట్పాడిలో పనికొస్తుందా?" మొదటి ప్రశ్నకి సంతోషంగా బదులు చెప్తాను. రెండోదానికి కొంచెం కోపంగా చెప్తాను, మనసులో పెట్టుకోవద్దు. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు నలభై దాటినాక కూడబలుక్కున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

మా అబ్బాయి ఉండేది షికాగో పక్కన నేపర్విల్‌లో. మన తెలుగువాళ్లు అక్కడ శానా మంది. ఊరి మధ్యలో మూడు లైన్లు. బీఎన్ఎస్ఎఫ్ కంపెనీ గూడ్సు బండ్లు, షికాగోకి ఉద్యోగస్తులను మోసే మెట్రా లోకల్ బండ్లు, ఆమ్‌ట్రాక్ దూరపు బండ్లు అన్నీ వాటి మీదే. ఆరు నెలలకని పోయినవాడికి ఇంట్లో ఏం తోస్తుంది? అంగట్లో వాళ్లు మాట్లాడే ఇంగ్లీషు సగం అర్థం కాదు, టీవీలో అదీ కాదు. సాయంత్రమైతే తొమ్మిదేళ్ల మనవడి చెయ్యి పట్టుకుని స్టేషనుకి పోయేవాణ్ణి.

నా అవస్థ చూసి అబ్బాయి ఇంటర్నెట్‌లో ముప్ఫై డాలర్లకు ఒక వాకీటాకీ తెప్పించినాడు. దాంట్లో రైల్వే ఫ్రీక్వెన్సీ కొడితే మాటలు వినిపించినాయి. అమెరికాలో నేను పూర్తిగా అర్థం చేసుకున్న మొదటి ఇంగ్లీషు అదే! లైను మీద గ్యాంగు పని చేస్తోంది. డ్రైవరు ఆ ఫోర్‌మన్‌ని పిలిచి, పలానా మైలు నుంచి పలానా మైలు దాకా పోవచ్చునా అని అడుగుతాడు. ఫోర్‌మన్ చెప్తాడు. డ్రైవరు ఆ మాటను అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్తాడు. ఫోర్‌మన్ సరే అన్నాకే బండి ఆ హద్దు దాటుతుంది. మన స్టేషన్ మాస్టర్లు ప్రైవేట్ నంబరు ఇచ్చి పుచ్చుకునేది నేను ముప్ఫై ఏళ్లు పక్క గదిలో కూర్చుని విన్నవాణ్ణి. మనిషి ప్రాణం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. దేశం ఏదైతే ఏమి, ఆ గొంతులో ఉండే జాగ్రత్త ఒకటే.

మూడో రోజు మనవడు ఆ సెట్టు తీసుకుని, పక్కనుండే బటన్ నొక్కి, "హలో ట్రైన్" అన్నాడు.

నాకు చేతులు చల్లబడినాయి. అది వినే యంత్రం మాత్రమే కాదు, పంపే యంత్రం కూడా. ఎఫ్ఎం పద్ధతిలో ఒకే చోట రెండు గొంతులు వస్తే బలంగా ఉండేదే నిలుస్తుంది, రెండోది అణిగిపోతుంది. ఆ క్షణంలో ఫోర్‌మన్ "ఆగు" అంటుంటే? అదృష్టం, అప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు. బిడ్డ మీద కోప్పడలేదు. వాడికేం తెలుసు, వాడి చేతికిచ్చింది నేను. ఆ రాత్రే దాని బ్యాటరీ ఊడదీసి అబ్బాయికిచ్చి, దీన్ని ఇంట్లో పెట్టొద్దన్నాను.

అందుకని తమ్ముడికి నా మొదటి మాట: పంపే బటన్ ఉండేది ఎంత చవకైనా వద్దు. స్కానర్ అని అమ్మేది వినడానికి మాత్రమే పనికొస్తుంది, అదే కొనండి.

రెండో మాట, అంగడివాడి మాట విని ఐదారు వందల డాలర్ల డిజిటల్ స్కానర్ కొనొద్దు. అక్కడ శానా ఊర్లలో పోలీసులు డిజిటల్‌కి మారినారు, అందుకని వాటికి గిరాకీ. రైళ్లు మాత్రం ఇప్పటికీ చాలా మటుకు పాత అనలాగ్ పద్ధతిలోనే, 160, 161 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుకుంటాయి. 2013లో అక్కడి ప్రభుత్వం ఛానళ్ల వెడల్పు తగ్గించింది, అంతే. కాబట్టి అటకమీది పాత సెట్టు ఎవరైనా ఊరికే ఇస్తే నారో బ్యాండ్ ఉందా అని అడిగి తీసుకోండి. లేకుంటే మాట సన్నగా వినిపిస్తుంది.

మేము కొన్నది యూనిడెన్ బేర్‌క్యాట్ బీసీ125ఏటీ. వంద డాలర్లకు కొంచెం పైన అయింది. 500 ఛానళ్లు, రెండు పెన్సిల్ బ్యాటరీలు. ఛానల్‌కి పేరు రాసుకోవచ్చు, నాలాంటి మతిమరుపు వాళ్లకి అది శానా ఉపకారం. అదే కంపెనీ బీసీ75ఎక్స్ఎల్‌టీ ఇంకా చవక, 300 ఛానళ్లు, కానీ పేర్లు రాయడానికి లేదు. నిజం చెప్పాలంటే ఒక ఊర్లో రైళ్లకు పది ఛానళ్లు చాలు. అన్నీ నింపి తిప్పుతుంటే అసలు మాట జారిపోతుంది.

మిగిలిన డబ్బు యాంటెనాకి పెట్టండి. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెనా అన్ని బ్యాండ్లకూ సర్దుబాటు చేసిన సరుకు. 160 మెగాహెర్ట్జ్‌కి సరైన పావు అల పొడుగు సుమారు 47 సెంటీమీటర్లు. ఆ పొడుగుది వేసినాక మాకు స్టేషను దాకా నడవకుండానే, ఇంటి పెరట్లోనే బండ్లు వినిపించినాయి. పెద్ద సెట్టుకి పొట్టి యాంటెనా పెట్టేది కన్నా ఇది మేలని నా అనుభవం.

ఇంకొకటి మీ మనవళ్ల కోసం చెప్తాను. అక్కడ లైను పక్కన యంత్రాలుంటాయి. బండి దాటుతుంటే యాక్సిల్ వేడెక్కిందా, ఏదైనా వేలాడుతోందా అని చూసి, రేడియోలో యంత్రం గొంతుతో చెప్తాయి: ఏ మైలు, లోపం లేదు, మొత్తం ఇన్ని యాక్సిళ్లు. మా వాడు ఆ లెక్క రాసుకుని, ఇంజనుకి ఆరు చొప్పున తీసేసి, మిగిలింది నాలుగుతో భాగించి వ్యాగన్లు ఎన్నో చెప్పేవాడు. ఇంట్లో భాగహారం అంటే ఏడ్చేవాడే!

కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోవడానికి నిబంధనలున్నాయి. అబ్బాయి ఉండే రాష్ట్రం సంగతి ముందే చూసుకోమనండి. విన్నదాన్ని లాభానికి వాడుకోవడం, ఊరంతా చాటడం అక్కడా తప్పే.

ఇక కాట్పాడి సంగతి. వద్దు తమ్ముడూ. మన దేశంలో 1933 వైర్‌లెస్ చట్టం నాటి నుంచి లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్టు దగ్గర పెట్టుకునేదే నేరం. 2023 టెలికాం చట్టం వచ్చినా ఆ పట్టు వదల్లేదు. "అందరూ కొంటున్నారు కదా, ఇంటర్నెట్‌లో దొరుకుతోంది కదా" అంటారు. దొరికేదంతా పెట్టుకోవచ్చునని కాదు. రైల్వే పోలీసు ప్లాట్‌ఫారం మీద పట్టుకుంటే, "మా అబ్బాయి ప్రేమగా తెచ్చినాడు" అనే జవాబు నిలవదు. మన సంఘంలో రైల్వే పింఛను తీసుకునేవాళ్లం ఇంతమంది ఉన్నాం. ఆ పని మనమే చేస్తే ఏం బాగుంటుంది? రేడియో మీద నిజంగా ప్రేమ ఉండే పిల్లలు హామ్ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోనీ, నేనే ఫీజు కడతాను. దానితో కూడా రైల్వే ఛానల్ ముట్టుకోకూడదు, అది వేరే సంగతి.

మా సెట్టు నేపర్విల్‌లోనే మనవడి బల్ల సొరుగులో ఉంది. తెచ్చుకోమని వాడే పెట్టెలో పెట్టినాడు, నేను తీసి మళ్లీ సొరుగులో పెట్టి వచ్చినాను. ఇప్పుడు శనివారం ఫోన్ చేసినప్పుడల్లా, ఆ వారం దాటిన బండ్లలో జాస్తి యాక్సిళ్లు దేనికో చెప్తాడు. నేను ఇక్కడ కాగితం మీద భాగించి వ్యాగన్లు చెప్తాను. పోయిన వారం నా లెక్కే తప్పింది.