జనరేటర్ తాడు ఎవరి చేతిలో ఉండాలి?

మా వీధిలో నాలుగిళ్ళలో పెట్రోలు జనరేటర్లున్నాయి. కరెంటు పోతే దాన్ని స్టార్ట్ చేయగల ఆడమనిషి ఆ నాలుగిళ్ళకీ కలిపి నేనొక్కదాన్నే. మిగతా మూడిళ్ళ సంగతి చెప్తా వినండి. కరెంటు పోగానే ఫోన్ తీస్తారు. "ఏమండీ, కరెంటు పోయింది, జనరేటర్ ఎట్లా వేయాలి?" ఆ 'ఏమండీ' ఉండేది బెంగళూరులో. ఇంకో 'ఏమండీ' కువైట్‌లో. మూడో ఆయన ఊళ్ళోనే ఉంటాడు గానీ రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరడు. ముప్పై నలభై వేలు పోసి కొన్న యంత్రం మెట్ల కింద ముసుగేసుకుని కూర్చుంటే, ఇంట్లో వాళ్ళు కొవ్వొత్తి వెతుక్కుంటారు.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోటు మనది. శెనక్కాయ పంట నాలుగేళ్ళలో మూడేళ్ళు దెబ్బ తినడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే. పుట్టపర్తి 2022లో జిల్లా కేంద్రమైంది, ఆశ్రమం ఉంది, లాడ్జీలున్నాయి, నిజమే. కానీ చుట్టూ బుక్కపట్నం, కొత్తచెరువు, అటు కదిరి దాకా ఏ ఊరు చూసినా పనికొచ్చే వయసు మగవాళ్ళు చాలామంది బయటే ఉంటారు. బెంగళూరు మూడు నాలుగు గంటల దూరం. ఇళ్ళలో మిగిలేది ఎవరు? మనం, పిల్లలు, ముసలివాళ్ళు. అంటే కరెంటు పోయే వేళకు ఇంట్లో ఉండేది మనమే. మరి కరెంటు పోతే పనికొచ్చే యంత్రాన్ని మనకు చూపించకుండా, మన చేత ముట్టించకుండా, మనకు చెప్పకుండా కొనడం ఏం తెలివి?

"ఇంజన్లు ఆడోళ్ళకెందుకమ్మా" అనే మాట ఇప్పుడు పుట్టింది కాదు. బావుల మీద కిర్లోస్కర్ ఆయిలింజన్లు తిరిగిన రోజుల్లో కూడా ఇంతే. నీళ్ళు మళ్ళ కట్టేది ఆడవాళ్ళు, గడ్డపార పట్టేది, కలుపు తీసేది, డీజిల్ డబ్బా నెత్తిన పెట్టుకుని తోటకు మోసేదీ ఆడవాళ్ళే. హ్యాండిల్ తిప్పడం మాత్రం మగవాళ్ళది. బావులెండిపోయి బోర్లొచ్చాయి, ఆయిలింజన్లు కొట్టంలో తుప్పు పట్టాయి. ఆ మాట మాత్రం తుప్పు పట్టలేదు.

మన చేతులకు ఏం తెలీదని? కుక్కర్ గాస్కెట్ మారుస్తాం. సేఫ్టీ వాల్వ్ చూస్తాం. గ్రైండర్ బెల్టు జారితే ఎక్కిస్తాం. కుట్టుమిషన్‌ని ఏడాదికోసారి విప్పి, నూలు పోగులు లాగి, నూనె చుక్కలేసి మళ్ళీ బిగిస్తాం. బండి మీద పిల్లల్ని బడికి దింపి వస్తాం. ఆ స్కూటర్‌లో ఉన్నదీ జనరేటర్‌లో ఉన్నదీ ఒక జాతి ఇంజనే: ఒక సిలిండర్, ఒక ప్లగ్గు, కాస్త పెట్రోలు, కాస్త గాలి, ఒక నిప్పురవ్వ. స్కూటర్ తోలడం వచ్చినమ్మాయికి జనరేటర్ రాదనడం దోసె పోయడం వచ్చినామెకు అట్టు రాదన్నట్టుంది.

మా ఇంటికి జనరేటర్ కావలసి వచ్చింది మామయ్య ఊపిరితిత్తుల వల్ల. రెండేళ్ళుగా ఆయనకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టాం. అది 350 వాట్ల దాకా తింటుంది. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంది. లెక్క వేస్తే 12 వోల్టులు, 150 ఏహెచ్, అంటే 1,800 వాట్ అవర్స్. నష్టాలు పోను చేతికొచ్చేది పన్నెండొందలు. కాన్సంట్రేటర్ ఒక్కటే నడిపినా మూడున్నర గంటలు. మే నెలలో గాలివాన వచ్చి స్తంభం పడితే తెల్లవార్లూ కరెంటు రాదని మనకు తెలుసు. 2012, 2013 కోతలు మర్చిపోయిన వాళ్ళున్నారేమో, నేను మర్చిపోలేదు. మామూలు ఇళ్ళకు ఇన్వర్టర్ చాలు, జనరేటర్ అక్కర్లేదు అని నేనే అందరికీ చెప్తా. ఎందుకంటే జనరేటర్‌లో ఒక యూనిట్ తయారవాలంటే అర లీటరు నుంచి లీటరు దాకా పెట్రోలు కాలుతుంది. ధర మీకు తెలుసు. కరెంటు బిల్లులో పై స్లాబులో కూడా యూనిట్ పది రూపాయల లోపే. టీవీ చూడ్డానికి జనరేటర్ కొనడం డబ్బు కాల్చుకోవడమే.

కొనడానికి వెళ్ళినప్పుడు (దుకాణం పేరెందుకు లెండి) అడిగింది నేను, జవాబు మాత్రం మా ఆయన మొహం చూసి చెప్పారు. "సార్, ఐదు కేవీఏ తీసుకోండి, ఇల్లంతా ఆడుతుంది, బోరు మోటరు కూడా." మగవాళ్ళకు ఇల్లంతా ఆడుతుంది అనే మాట ఎందుకంత రుచో నాకర్థం కాదు. ఆ ఐదు కేవీఏ బరువు 80 కిలోల పైన. దాన్ని వాకిట్లోకి లాగేదెవరు? సగం లోడుకే గంటకు లీటరున్నర తాగుతుంది. మా బంధువులింట్లో అలాంటిదే ఉంది, మూడేళ్ళలో పది గంటలు కూడా నడవలేదు.

ఇంట్లో ఏది ఆడాలో రాసుకునేది మనమే గదా. నేను కాగితం మీద రాశా. కాన్సంట్రేటర్ 350. రెండు ఫ్యాన్లు 150. నాలుగు ఎల్ఈడీ బల్బులు 40. ఫ్రిజ్ 150. మొత్తం 690. ఫ్రిజ్ మొదలయ్యే క్షణంలో మాత్రం నాలుగైదు రెట్లు గుంజుతుంది, దానికి ఇంకో ఆరొందలు కలుపుకోండి. పదమూడొందల దరిదాపు. రెండు కేవీఏ చాలు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, గీజరు, ఇండక్షన్ పొయ్యి జనరేటర్ మీద వేయకూడదు, అంతే. బోరు మోటరు ఒక హెచ్‌పీదైనా నడుస్తున్నప్పుడు వెయ్యి వాట్ల పైచిలుకు, స్టార్టింగ్‌లో దానికి ఐదారు రెట్లు. ఆ ఒక్క క్షణం కోసం పెద్ద జనరేటర్ కొంటారు. దాని బదులు కరెంటున్నప్పుడే మిద్దె మీద ట్యాంకు నింపుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంకోటి కూడా అడిగి తెలుసుకోండి. మామూలు జనరేటర్ ఇచ్చే కరెంటు లోడును బట్టి ఊగుతుంది. ఇన్వర్టర్ జనరేటర్ అని ఒక రకం ఉంది, కరెంటు నికరంగా వస్తుంది, చప్పుడు తక్కువ, రెండు కేవీఏది ఇరవై కిలోల పైచిలుకు. అంటే బియ్యం మూట బరువు. నేను ఎత్తగలను. ధర ఎక్కువే. కాన్సంట్రేటర్ లాంటి సున్నితమైన మిషన్ ఉన్న ఇంట్లో ఆ ఎక్కువ పెట్టాల్సిందే. దానితో పాటు చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. ఏ ఇంజనైనా ఒక రోజు మొండికేస్తుంది, ఊపిరి దాని కోసం ఆగదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. జనరేటర్ ఎక్కడ పెడుతున్నారు? దొంగలెత్తుకుపోతారని వరండాలో. వాన పడుతుందని మెట్ల కింద. చప్పుడు పక్కింటికి వినపడుతుందని వంటింటి వెనక గదిలో, తలుపేసి. ఇంటి యజమాని చేసే ఈ ఏర్పాటులో ఆ పొగ ఎటు పోతుందన్న ఆలోచన ఉండదు. పెట్రోలు ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, వాంతి. "మధ్యాహ్నం తిన్నది పడలేదేమో" అనుకుని పడుకుంటారు. పడుకున్నవాళ్ళు లేవరు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయి, ఇళ్ళలో బొగ్గుల కుంపట్లు, గ్యారేజీలో కార్లు, జనరేటర్లు నడుపుకున్న చోట ఈ వాయువుకే పదిమందికి పైగా పోయారు. మన తెలుగువాళ్ళు అంతమంది ఉన్న రాష్ట్రం అది. అంత చదువున్న దేశంలోనే అట్లా జరిగితే, తలుపేసిన వంటింటి గదిలో ఏం జరగదని ధీమా?

కిటికీలకు, తలుపులకు కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అటువైపు తిప్పి, బయటే. పక్కింటి కిటికీ వైపు కూడా కాదు. వానకు పైన రేకు, నాలుగు వైపులా ఖాళీ. దొంగల భయానికి గొలుసు, తాళం. ఇది బేరమాడే విషయం కాదు.

రెండో ప్రాణాంతకం, రెండు చివర్లా ప్లగ్గున్న వైరు. జనరేటర్‌లో ఒక చివర, గోడ సాకెట్‌లో ఇంకో చివర గుచ్చి ఇల్లంతా కరెంటు తెప్పించే మొనగాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. మెయిన్ ఆపడం మర్చిపోతే ఆ కరెంటు వెనక్కి వీధి లైనులోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో తలకిందులుగా ఎక్కి 11,000 వోల్టులవుతుంది. మన కోసమే వానలో స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఆ లైను చచ్చిందనే నమ్మకం. చేంజోవర్ స్విచ్చు పెట్టించడానికి ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. జనరేటర్‌కు పోసిన డబ్బులో అదొక మూల.

సర్వీసింగ్ అంటే భయపెడతారు గానీ పని ఇంతే. కొత్త ఇంజన్‌కు మొదటి ఇరవై గంటలకు ఆయిల్ మార్చాలి, ఆ తర్వాత వంద గంటలకో ఆరు నెలలకో, ఏది ముందొస్తే అది. పట్టే ఆయిల్ లీటరు కూడా కాదు. ఎయిర్ ఫిల్టర్ మాత్రం పుస్తకంలో రాసిన దానికంటే తొందరగా చూసుకోవాలి. పుస్తకం రాసినవాళ్ళు మన ఎర్రదుమ్ము చూడలేదు. స్పాంజి ఫిల్టర్ అయితే సబ్బునీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండి పెట్టేయడమే. పాత బనియన్ పిండడం కంటే సులువు.

పెట్రోలు దగ్గరే అందరి జనరేటర్లూ చెడేది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే నీళ్ళు విడిపడి అడుగుకు చేరతాయి, కార్బరేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురై సన్నటి జెట్టును మూసేస్తుంది. అవసరం పడిన రాత్రి తాడు యాభైసార్లు లాగినా పలకదు. "మిషన్ మంచిది కాదు" అంటారు! నెలకోసారి, నేనైతే పౌర్ణమి గుర్తు పెట్టుకుంటా, పావుగంట నడపండి, ఫ్యాన్లు బల్బులు వేసి లోడు మీద నడపండి. ఆపేటప్పుడు స్విచ్చుతో కాదు, పెట్రోలు కాక్ మూసేయండి. కార్బరేటర్‌లో ఉన్నది కాలిపోయి అదే ఆగుతుంది. కాక్ లేని రకమైతే పెట్రోలు ఎట్లా ఖాళీ చేయాలో కొన్న రోజే దుకాణం వాళ్ళతో చూపించుకోండి. వేడి ఇంజన్‌లో పెట్రోలు పోయకండి, పావుగంట ఆగండి.

ఎర్తింగ్ గురించి ఎవరూ చెప్పరు. మన నేల ఎండాకాలంలో పెంకులాగా ఎండుతుంది, ఎండిన మట్టిలో ఎర్త్ పనిచేయదు. బియ్యం కడిగిన నీళ్ళు రోజూ ఆ గుంతలో పోస్తా. మా అత్తమ్మ మొదట్లో "కరివేపాకు చెట్టును ఎండబెట్టి ఇనపకడ్డీకి నీళ్ళు పోస్తావేమ్మా" అనేది.

ఒక స్నేహితురాలు నన్ను నిలదీసింది. "ఇప్పటికే వంట, బట్టలు, పిల్లలు, మామగారి మందులు. ఇప్పుడు ఇంజన్ ఆయిల్ కూడా మన నెత్తినేనా? మగవాళ్ళను ఇంకా సుఖపెట్టడానికా?" ఆ ప్రశ్నలో న్యాయముంది. నేను చాకిరీ పెంచమనడం లేదు. మగవాళ్ళింట్లో ఉంటే వాళ్ళే ఆయిల్ మార్చనీ, నాకేం పట్టింపు లేదు. కానీ పెత్తనం ఒకరిది, చీకటి ఇంకొకరిది అయితే ఒప్పుకోను. కాన్సంట్రేటర్ కీచుమని అరవడం మొదలెట్టినప్పుడు మామయ్య చూసేది నా మొహం. ఆ నిమిషంలో నా చేతికి ఆ తాడు తెలిసి ఉండాలి. తెలియాలంటే ఏది కొనాలో, ఎంతది కొనాలో, ఎక్కడ పెట్టాలో చెప్పే మాట కూడా నాదే కావాలి. నిజానికి నెలకు పావుగంట, ఆరు నెలలకు ఒక గంట. ఇడ్లీ పిండికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

కాబట్టి జనరేటర్ కొనబోయే అన్నలకు, తమ్ముళ్ళకు ఒకటే చెప్తా. ఇంట్లో ఉండే మనిషిని దుకాణానికి తీసుకుపోండి. ఆమె చేత తాడు లాగించండి, చల్లటి ఇంజన్ మీద, చోక్ వేసి, మూడుసార్లు. ఆమె చేత రెండడుగులు ఎత్తించండి. పలకకపోయినా, ఎత్తలేకపోయినా అది మీ ఇంటికి పనికిరాదు, ఎన్ని కేవీఏ అయినా సరే. బటన్ స్టార్ట్ ఉన్నది చూడండి, చక్రాలున్నది చూడండి. దుకాణం ఆయన మీ మొహం చూసి జవాబు చెప్తుంటే, "నాకు కాదన్నా, ఆమెకు చెప్పు" అనండి.