చల్లగాలి మాటున ఎండ

తెనాలి నుంచి రిటైరైన ఉపాధ్యాయుడు ఒకాయన ఇలా రాశారు:

“ఈ వేసవిలో నేనూ, మా ఆవిడా కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాం. వాడికి కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు ఉంది. ఇద్దరే కూర్చునే బండి. పైకప్పు పలక ఊడదీసి వెనక డిక్కీలో పెట్టుకోవచ్చు. ఒక ఆదివారం కప్పు తీసేసి సముద్రం పక్క రోడ్డున నన్ను నాలుగు గంటలు తిప్పాడు. చల్లగాలికి ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రానికి ముఖం, మెడ, బట్టతల కందిపోయి మంటలు. చెవుల్లో మర్నాటి దాకా గుయ్యిమని మోత. నేను రక్తపోటుకు హైడ్రోక్లోరోథయజైడ్ మాత్ర వేసుకుంటాను. ఆ మాత్ర వేడి చేసి ఉంటుందని ఒక బంధువు చెబితే అప్పటినుంచి మానేశాను. మంచిపనేనా? మళ్ళీ వెడితే ఆ కారెక్కవచ్చునా? మా ఆవిడ కూడా ఎక్కాలని ముచ్చటపడుతోంది.”

ముందు మాత్ర సంగతి. మాస్టారూ, ఇది చదివిన రోజునే మీ డాక్టరు దగ్గరకు వెళ్ళి రక్తపోటు చూపించుకోండి. మీరు మాత్ర మానేసి ఇప్పటికే చాలా రోజులైంది. రక్తపోటు పెరిగినా చాలామందికి పైకి ఏమీ తెలియదు. అది పక్షవాతంగా బయటపడిన తరువాత చేయగలిగింది తక్కువ. కందిన చర్మం వారంలో మానుతుంది, పడిపోయిన చెయ్యి అలా లేవదు.

మీ బంధువు చెప్పినదానిలో సగం నిజం ఉంది. మాత్ర ‘వేడి’ చేయలేదు గాని, కొందరిలో అది చర్మాన్ని ఎండకు తట్టుకోలేనిదిగా చేస్తుంది. డాక్సీసైక్లిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్ మందులకూ ఈ గుణం ఉంది. ఇది డాక్టరుతో చెప్పండి. అవసరమైతే ఆయన వేరే మాత్రకు మారుస్తారు. మార్చవలసింది ఆయన, మీరు కాదు.

ఇక కారు. ఇలా పలక తీసే ఏర్పాటును 1965లో పోర్షే కంపెనీ ‘టార్గా’ పేరుతో చూపించింది. సిసిలీ ద్వీపంలో జరిగే టార్గా ఫ్లోరియో పందెం నుంచి వచ్చిన పేరది. కార్వెట్‌కు 1968లో ఊడదీసే పలకలు రెండు వచ్చాయి, 1984 మోడలు నుంచి ఒకటే పెద్ద పలక. ముందు అద్దం, వెనక చట్రం అలాగే ఉంటాయి, నడినెత్తిన మాత్రం ఆకాశం. మిట్టమధ్యాహ్నం ఎండ పడేది సరిగ్గా అక్కడే. ముందు అద్దం అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. కాని నెత్తిమీద అద్దమూ లేదు, రేకూ లేదు. పైగా మీకు జుట్టూ లేదు!

మరి అప్పుడే మంట ఎందుకు తెలియలేదంటారా? చర్మాన్ని కాల్చే ఆ కిరణాలు వేడిగా తగలవు. మనం ఎండను వేడిని బట్టి కొలుస్తాం. గాలి ఆ వేడిని ఎప్పటికప్పుడు ఎగరేసుకుపోతుంది. చెమట కూడా పట్టకముందే ఆరిపోతుంది కనుక ఒంట్లో నీరు తగ్గడమూ తెలియదు. మీ మాత్ర మూత్రం ఎక్కువ పోయేట్టు చేసే మందు కనుక, మీకిది రెండింతలు ముఖ్యం. హాయిగా ఉన్నదంటే హాని లేదని కాదు.

చెవుల మోత కూడా ఆ గాలి పనే. పైకప్పు తీసిన కార్లలో హైవే వేగంతో వెళుతూ కొలిస్తే చెవి దగ్గర శబ్దం 85 డెసిబెల్స్ దాటినట్టు తేలింది. ఆ మోతను రోజుకు 8 గంటలకు మించి వినరాదంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగమవుతుంది: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మమైన రోమకణాలు ఒకసారి చస్తే తిరిగి పుట్టవు. మోత మర్నాటికి తగ్గింది కనుక మీరు భయపడనక్కరలేదు, కాని అది హెచ్చరిక. రెండు రోజులకు మించి ఉంటే చెవి డాక్టరుకు చూపించాలి. మా ప్రభుత్వాసుపత్రికి చెవుడుతో వచ్చే ట్రాక్టరు డ్రైవర్లు, “మొదట్లో రాత్రిళ్ళు గుయ్యిమనేదండీ” అనే చెబుతారు.

కారెక్కవద్దని నేననను. ఉదయం 10 లోపు గాని, సాయంత్రం 4 తరువాత గాని వెళ్ళండి. నెత్తికి గాలికి ఎగరని టోపీ, కళ్ళకు మంచి చలవ అద్దాలు పెట్టుకోండి. ముఖానికి, చెవులకు, మెడకు ఎస్.పి.ఎఫ్. 30 సన్‌స్క్రీన్ రాసుకుని, 2 గంటలకోసారి మళ్ళీ రాయండి. పక్క అద్దాలు ఎత్తి ఉంచమనండి, గాలి మోత తగ్గుతుంది. ఆ మోతను మించాలని రేడియో పెంచవద్దు. గంటకోసారి ఆగి నీళ్ళు తాగండి. హైవే ఎక్కేముందు పలక బిగించేయమని అబ్బాయికి చెప్పండి.

మీ శ్రీమతికి ఒక ముఖ్యమైన మాట. 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడుగాటి స్కార్ఫు, ఆమె ఎక్కిన తెరుపు కారు చక్రంలో చుట్టుకుని ఆమె ప్రాణం తీసింది. కొంగు నడుముకు దోపి, పైన సీటు బెల్టు పెట్టుకున్నాకనే బండి కదలాలి.

ఇక్కడి పాఠకులకూ ఒక మనవి. మన ఊళ్ళలో ఇటీవల సన్‌రూఫ్ కార్లు వచ్చాయి. ముచ్చట కొద్దీ పిల్లలను అందులోంచి నిలబెట్టి ఊరేగిస్తున్నారు. ఒక్క బ్రేకు చాలు, బిడ్డ ఎగిరి రోడ్డు మీద పడడానికి. ఆకాశం చూపించాలనుకుంటే బండి ఆపి చూపించండి.